లాయ్ అక్క కోసం రాసిన పరీక్ష

డాక్టర్ ఉయెన్‌కి పరీక్షల పేరు చెబితే ఒళ్లుమంట. వియత్నాంలోని మీతో అనే ఊళ్లో డాక్టరు చదువు పూర్తిచేసి, అక్కడి ఆసుపత్రిలో రోగుల్ని చూసి, మెల్‌బోర్న్ వచ్చిపడ్డాక ఆ చదువు ఇక్కడ చెల్లదన్నారు. మళ్లీ పరీక్ష పాసైతేనే డాక్టరు. మొదటిసారి తప్పింది, రెండోసారీ తప్పింది. ఆ ఏళ్లన్నీ ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరివో చొక్కాలకి కాలర్లు కుట్టింది. మూడోసారి ఎలాగో గట్టెక్కిన రోజున, ఇక ఈ జన్మలో పరీక్ష అనే దాని మొహం చూడనని మొగుడి ముందు ఒట్టేసింది. మొగుడు థాక్ అప్పట్లో ట్రామ్ నడిపేవాడు. "సరే, నేనే సాక్షి" అన్నాడు.

ఆ ఒట్టు చాలా ఏళ్లు నిలబడింది. మెల్‌బోర్న్ శివార్లలోని సెయింట్ ఆల్బన్స్‌లో, మందుల షాపుకీ రొట్టెల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న చిన్న క్లినిక్కు ఆవిడది. మా పేటలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కోడలు నెల తప్పినా ముందు ఆవిడకే తెలిసేది. ఆవిడ దగ్గర విషయం భద్రంగా ఉంటుందని అందరికీ నమ్మకం. ఆ ఒట్టుని యాభై ఏడేళ్ల వయసులో తీసి గట్టున పెట్టించింది మాత్రం మార్కెట్లో చేపలమ్మే లాయ్.

లాయ్‌కి హెపటైటిస్ బి ఉంది. మావాళ్లలో ఇది కొత్తేమీ కాదు. కాన్పులోనే తల్లి నుంచి బిడ్డకి వచ్చేస్తుంది, దశాబ్దాల పాటు కిక్కురుమనకుండా లివర్లో కూర్చుంటుంది. కొందరిలో జీవితాంతం అలాగే ఉండిపోతుంది. కొందరిలో లేస్తుంది. లాయ్ లివర్లో అది లేచింది.

"అక్కా, రిపోర్టు బాలేదు" అంది ఉయెన్ కాగితం చూస్తూ. "వైరస్ బాగా పెరిగింది, లివర్ దెబ్బ తింటోంది. ఇక మందు మొదలుపెట్టాల్సిందే. పెద్దాసుపత్రికి రాసిస్తాను."

"లివర్‌కి వేడి చేసిందంతే డాక్టరమ్మా. ఆర్టిచోక్ నీళ్లు కాచుకుని తాగుతున్నాగా."

"అవి తాగుతుంటేనే ఇంత పెరిగింది. పోయినసారి కూడా రాసిచ్చాను. వెళ్లావా?"

"వెళ్లాను."

"లోపలికి?"

లాయ్ గోళ్లలో ఇరుక్కున్న చేప పొలుసు తీసుకుంటూ, "గుమ్మం దాకా" అంది.

"గుమ్మం దాకా వెళ్లి వచ్చెయ్యడానికి అదేమన్నా సినిమా హాలా అక్కా, టికెట్టు దొరకలేదనుకోడానికి?"

"అక్కడ డాక్టర్ల మాట మనకి చెప్పేదెవరో తెలుసా మీకు? ఫుంగ్! మావాడికి పిల్లనిస్తున్న ఫుంగ్! తలుపు అద్దంలోంచి కనబడింది. అట్నుంచి అటే బస్సెక్కేశాను."

ఉయెన్‌కి నవ్వొచ్చింది, మరుక్షణమే ఆ నవ్వు చచ్చింది. ఫుంగ్ ఏళ్లుగా ఆ ఆసుపత్రి లివర్ విభాగంలో దుబాసీ. మా భాష మాట్లాడే రోగికీ ఇంగ్లీషు డాక్టరుకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

"ఆవిడ బయట నోరు విప్పకూడదక్కా. విప్పితే ఉద్యోగం ఊడుతుంది."

"నోరెందుకు విప్పాలి? కళ్లుంటే చాలదూ? రేపు నిశ్చితార్థంలో నేను వడ్డించిన గిన్నె వైపు ఒక్క చూపు చూసిందంటే నా పని అయిపోయినట్టే."

"తిండి వల్ల అంటుకోదని నీకు లక్షసార్లు చెప్పాను."

"మీరు చెప్పారు, నేను విన్నాను. మిగతా పేటంతా విందా?"

ఫోనులో మాట్లాడే వేరే దుబాసీని పెట్టమని రాస్తానంది ఉయెన్. ఎవరిని పెట్టినా తను కూర్చోవాల్సింది ఆ వరండాలోనే కదా అంది లాయ్. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, "మీరే రాసివ్వండి. ఇన్నేళ్లూ అన్నీ మీరేగా రాసింది" అంది.

"ఈ మందు రాసే అధికారం నాకు లేదక్కా."

"ఎందుకు లేదు? మీరు డాక్టరు కారా?"

లాయ్ ఎత్తిపొడవలేదు, తెలియకే అడిగింది. అయినా ఆ మాట ఉయెన్‌కి ముల్లులా గుచ్చుకుంది. కుట్టుమిషను ముందు కూర్చున్న రోజుల్లో ఆ ప్రశ్న తనని తానే వెయ్యిసార్లు వేసుకుంది.

అధికారం ఎలా వస్తుందో ఆవిడకి తెలియక కాదు. పేటల్లో పనిచేసే డాక్టర్లు ప్రత్యేకంగా తరగతులకి వెళ్లి, పరీక్ష పాసై, రాష్ట్ర ఆరోగ్య శాఖ అనుమతి తెచ్చుకుంటే ఈ మందు తమ క్లినిక్కులోనే రాయొచ్చు. కబురు రెండుమూడుసార్లు వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి పక్కన పెట్టేసింది. పెద్దాసుపత్రి ఉంది కదా, అక్కడ గొప్ప డాక్టర్లున్నారు కదా అనుకుంది. కానీ తను పంపిన వాళ్లలో గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది ఒక్క లాయేనా? కొందరు ఏళ్ల తర్వాత మళ్లీ కనబడేసరికి మందుల దశ దాటిపోయి ఉండేది. వాళ్ల అంత్యక్రియలకి వెళ్లి అగరొత్తులు వెలిగించి వచ్చేది.

"ఎంత టైము పడుతుందో తెలీదు" అంది ఉయెన్. "నేను ఆ పరీక్ష రాస్తే, మందు వేసుకుంటావా?"

"మీ చేత్తో రాస్తే విషమైనా వేసుకుంటా."

"విషం రాయడానికి పరీక్ష అక్కర్లేదులే" అంది ఉయెన్.

తరగతులు శనివారాల్లో, సిటీలోని ఒక హోటల్లో. హాలు నిండా కుర్ర డాక్టర్లు, ఒళ్లో ల్యాప్‌టాప్‌లు. వాళ్ల మధ్య ఉయెన్ ఫ్లాస్కు నిండా టీ, లావుపాటి నోటు పుస్తకం పెట్టుకుని కూర్చుంటే, ఎవరి తల్లో తోడొచ్చిందనుకున్నారు. పాఠం చెప్పింది ఎలెని అనే లివర్ స్పెషలిస్టు. గ్రీకు వాళ్లమ్మాయి, గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"మందు పేరు బట్టీ పట్టకండి, అది డబ్బా మీదే ఉంటుంది" అందావిడ మొదటిరోజే. "ఎవరికి మొదలుపెట్టాలి, ఎవరికి ఆగి చూడాలి, ఎవరిని పరుగెత్తుకుంటూ నా దగ్గరికి పంపాలి. ఈ మూడూ తెలిస్తే చాలు. తెలియనప్పుడు ఫోన్ చెయ్యండి. ఫోన్ చెయ్యడానికి సిగ్గుపడేవాళ్లకి మాత్రం ఈ పని వద్దు."

ఉయెన్ అది పెద్దక్షరాలతో రాసుకుంది. ఎలెని ఫోన్ నంబరు కూడా ఆ పక్కనే రాసుకుంది.

చదువు మాత్రం అంత సులువుగా తలకెక్కలేదు. అంకెలు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయేవి. రిటైరైన థాక్‌కి చేతినిండా ఖాళీ, పెరటి నిండా తులసి, పుదీన. పొద్దున్నే నీళ్లు పోస్తూ రోగి వేషం కట్టేవాడు.

"డాక్టర్ గారూ, నాకు నలభై దాటాయి. వైరస్ చాలా ఉంది, లివర్ అంకె కూడా పెరిగింది. మందిస్తారా?"

"ఆగు, ఆలోచించనీ."

"ఆలోచించండి. నేనీలోగా నారుకి నీళ్లు పోసొస్తా."

"ఇస్తాను. ముందు స్కాన్ తీయిస్తాను, కిడ్నీలు చూస్తాను."

"మా నాన్నకి లివర్ క్యాన్సర్ వచ్చిందని అడిగారా? అడగలేదు. నేను పోయాను. మా ఆవిడ ఏడుస్తోంది, వినబడుతోందా?"

"నీ ఆవిడ ఏడవట్లేదు, తిట్టుకుంటోంది" అని ఉయెన్ మళ్లీ పుస్తకం తెరిచేది.

ఈలోగా లాయ్ తన వంతు ఒత్తిడి తను పెట్టింది. ఉయెన్ చేపలకి వెళ్లినప్పుడల్లా కౌంటరు వెనక నుంచి, "డాక్టరమ్మా, పరీక్ష అయిందా? రిజల్టొచ్చిందా?" అని మార్కెట్టంతా వినబడేలా కేకేసేది. డాక్టరమ్మ ఏదో పరీక్ష తప్పిందనీ, క్లినిక్కు మూసేస్తారనీ పేటలో పుకారు పుట్టింది. జాలిపడి ఒకాయన మామిడిపళ్లు తెచ్చిచ్చాడు. ఎందుకు రాస్తోందో ఉయెన్ ఎవరికీ చెప్పలేదు, వచ్చిన పళ్లు తినేసింది.

పరీక్ష కంప్యూటర్లో, ఇంట్లోనే కూర్చుని రాసింది. రోగి తర్వాత రోగి, ఒక్కొక్కరికీ ఏం చేస్తావని ప్రశ్న. రాస్తుంటే ప్రతి రోగి స్థానంలోనూ తన వాళ్లే కనబడ్డారు. తను పంపితే వెళ్లనివాళ్లు, వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, అగరొత్తుల పొగలో ఫోటో అయిపోయినవాళ్లు. పాసైంది. ఆ తర్వాత ఆరోగ్య శాఖకి దరఖాస్తు, వారాల తరబడి ఎదురుచూపు. అనుమతి వచ్చినరోజు థాక్ తలుపు దగ్గర నిలబడి, "నీ ఒట్టుకి నేను సాక్షిని, గుర్తుందా? ఇవాళ్టి నుంచి నాకేం గుర్తులేదు" అన్నాడు. ఉయెన్ నవ్వుతూనే ఏడ్చేసింది. తప్పిన పరీక్షలకి అప్పట్లో ఏడవలేదు మరి.

మందు మొదలైంది. లాయ్ పక్కనే ఉన్న మందుల షాపులో డబ్బా తీసుకుని, చేపల సంచిలో అడుగున దాచుకుని వెళ్లేది. మొదటి రక్తపరీక్షలో వైరస్ గభాలున పడిపోయింది. ఉయెన్ ఆ రిపోర్టుని ఎలెనికి పంపితే, "మొదటి రోగి, మొదటి గెలుపు" అని జవాబొచ్చింది. కొన్నాళ్లు ఉయెన్ కాలు నేల మీద నిలవలేదు.

తర్వాతి పరీక్షలో వైరస్ మళ్లీ పెరిగింది.

ఉయెన్ ఆ అంకెని కళ్లజోడు పెట్టుకుని చూసింది, తీసేసి చూసింది. మొదటి రోగి దగ్గరే పాడుచేశానా? మందు తప్పు ఎంచుకున్నానా? పరీక్షలో ఎలా పాసయ్యానో, పొరపాటున పాసయ్యానేమో అని లోపల పాత భయం లేచింది. సిగ్గు చంపుకుని ఎలెనికి ఫోన్ చేసింది.

"ఈ మందుకి వైరస్ లొంగకపోవడం చాలా అరుదు" అంది ఎలెని. "రోజూ వేసుకుంటోందా?"

అదే లాయ్‌ని అడిగింది. "ఒట్టు డాక్టరమ్మా, వేసుకుంటున్నా" అంది లాయ్, కళ్లు మాత్రం గోడమీది క్యాలెండరు వైపు పెట్టి.

"మళ్లీ ఇలాగే వస్తే నిన్ను నా దగ్గర ఉంచుకోకూడదక్కా. పెద్దాసుపత్రికి పంపాల్సిందే. అది నియమం."

"పంపితే మందే మానేస్తా. పెళ్లి దగ్గరికొచ్చింది, ఇప్పుడు నన్ను ఆవిడ ముందు కూర్చోబెట్టకండి" అంది లాయ్. అన్నంత పనీ చేసే మనిషే.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం, క్లినిక్కు ఖాళీ అయ్యే వేళ, ఫుంగ్ వచ్చింది. పెళ్లికూతురి తల్లి ఫుంగ్. నలగని బట్టలు, బిగించి కట్టిన ముడి. కూర్చుని, బ్యాగులోంచి ఒక విటమిన్ల సీసా తీసి బల్లమీద పెట్టింది.

"మా అమ్మని చూడ్డానికి మా ఊరు కామావ్ వెళ్తున్నాను. మా వియ్యపురాలు వాళ్ల తమ్ముడికి ఇమ్మని ఇది ఇచ్చింది. విమానాశ్రయంలో అడిగితే చెప్పాలి కదా అని మూత తీశాను."

లోపల ఉన్నవి విటమిన్లు కావు. తను లాయ్‌కి రాసిచ్చిన మాత్రల్ని ఉయెన్ గుర్తుపట్టింది.

"మీరేం మాట్లాడకండి" అంది ఫుంగ్ చెయ్యెత్తి. "ఆవిడ మీ పేషెంటా కాదా అన్నది కూడా చెప్పకండి. నాకూ ఆ నియమాలు తెలుసు. డాక్టర్ గారూ, ఏళ్ల తరబడి నా నోట్లోంచి వచ్చే 'నేను' ఎప్పుడూ నేను కాదు. 'నాకు నొప్పిగా ఉంది' అంటాను, అది రోగి నొప్పి. 'నేను ఇక చేయగలిగింది లేదు' అంటాను, అది డాక్టరు మాట. ఇవాళొక్కసారి నా మాట నేను చెప్పుకుంటాను. వినండి."

ఉయెన్ విన్నది.

"మా ఆయన కడుపులో పుండుతో పోయాడని ఊరంతా అనుకుంటారు. నేనే అలా చెప్పాను. పుండు కాదు, ఇదే జబ్బు. మందు వాడుతూనే పోయాడు. ఒక రోజు మాత్ర తనకి, ఒక రోజు మాత్ర ఊళ్లో ఉన్న వాళ్లన్నకి. ఎవరు ఊరెళ్తున్నా వాళ్ల చేత పంపేవాడు. నాకు తెలుసు. ఎంత మంచి మనిషికి భార్యనయ్యానో అని మురిసిపోయేదాన్ని. అన్నదమ్ములిద్దరూ ఏడాది తిరక్కుండా పోయారు. అతను పోయాకే నేనీ ఉద్యోగంలో చేరాను. డాక్టరు చెప్పింది ఆయనకి సరిగ్గా ఎవరూ చెప్పలేదు మరి."

ఆవిడ సీసా మూత బిగించి మళ్లీ బ్యాగులో పెట్టుకుంది.

"ఇది తీసుకెళ్లి ఇచ్చేస్తాను. ఉన్నట్టుండి ఆగిపోతే అతనికి ఇంకా ప్రమాదం. మిగతాది మీరు చూసుకోండి. నేను వచ్చినట్టు ఆవిడకి తెలియకూడదు. తెలిస్తే నా మొహం చూడలేక చచ్చిపోతుంది. పిల్లల పెళ్లి చెడగొడుతుంది."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మీరు పరీక్ష రాశారని మార్కెట్లో విన్నాను. మంచి పని చేశారు" అని వెళ్లిపోయింది. థాంక్స్ చెప్పడానికి కూడా ఉయెన్‌కి దారి లేదు. చెబితే ఒప్పుకున్నట్టవుతుంది.

మర్నాడు లాయ్‌ని పిలిపించింది. కోపంగా అడగలేదు. ఊరికి పంపే సామాన్ల సంగతి ఎత్తింది. పండగొస్తే తనూ తన ఊరు మీతోకి అట్టపెట్టెలు పంపుతుంది కదా, ఆకుపచ్చ తైలం సీసాలు, అమ్మకి మోకాళ్ల మందు. మావాళ్లలో పంపనిదెవరు? మాటల మధ్యలో, "అక్కా, మీ ఇంట్లో ఈ జబ్బు ఇంకెవరికుంది?" అంది.

లాయ్ ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"నేనూ మా తమ్ముడూ ఒక కడుపున పుట్టాం డాక్టరమ్మా! మా అమ్మ జబ్బు ఇద్దరికీ సమానంగా పంచింది. మందు నేనొక్కదాన్నే మింగుతుంటే గొంతు దిగుతుందా? మీరే చెప్పండి, దిగుతుందా?"

ఉయెన్ కళ్లు నిండాయి. అయినా గొంతు మెత్తబడనివ్వలేదు. "పంచుకోడానికి ఇది పనసపండు కాదక్కా! సగం సగం వేసుకుంటే ఇద్దరూ సగం సగం బతకరు. ఇద్దరూ పూర్తిగా పోతారు. వైరస్‌కి నువ్వు రోజు విడిచి రోజు సెలవిస్తున్నావు. మీ తమ్ముడికి అక్కడి ఆసుపత్రిలో ఇదే మందు బీమా కార్డు మీద ఇస్తారు. ఫోన్ చెయ్యి. ఇప్పుడే. నా ముందు."

ఫోన్ స్పీకర్లో పెట్టారు. తమ్ముడు అంతా విని నసిగాడు.

"అక్కా, జిల్లా ఆసుపత్రంటే ఊళ్లోవాళ్లంతా ఉంటారు. అందరూ చూస్తారే."

"చూస్తే చూడనీరా వెధవా!" లాయ్ గదంతా దద్దరిల్లేలా అరిచింది. "చచ్చాక ఎలాగూ అందరూ చూడ్డానికే వస్తారు! ఎవరో చూస్తారని మందు మానేస్తారట్రా, బుద్ధుందా నీకు?"

అని, నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. మెల్లగా ఉయెన్ వైపు చూసింది. ఉయెన్ చాలా శ్రద్ధగా రక్తపోటు మిషను తుడుస్తోంది.

"నవ్వండి, పర్లేదు" అంది లాయ్.

తమ్ముడు ఆసుపత్రికి వెళ్లాడు, అక్కడే మందు మొదలైంది. లాయ్ తన మాత్ర తను రోజూ మింగింది. వైరస్ పడిపోయింది, మరుసటి పరీక్షకల్లా అసలు కనబడలేదు. ఉయెన్ ఆ రిపోర్టు ఎలెనికి పంపి, కింద ఒక ముక్క రాసింది: ఈ గెలుపు నాది కాదు, ఎవరిదో చెప్పలేను. ఎలెని ఏమీ అడగలేదు.

పెళ్లి విందుకి ఉయెన్‌నీ థాక్‌నీ ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వేదిక మీద ఎవరో పాట ఖూనీ చేస్తుంటే, కొత్త పట్టు బట్టల్లో లాయ్ వచ్చి ఉయెన్ పక్కన కుర్చీలో కూలబడింది. కళ్లల్లో నీళ్లు.

"మీ రుణం ఏం చేసినా తీరదు డాక్టరమ్మా. నాకోసం ఆ వయసులో పరీక్ష రాశారు. నన్ను బతికించారు. మా తమ్ముణ్ణీ బతికించారు. అన్నిటికన్నా..." అని చెవి దగ్గరికి వంగింది. "ఆ మనిషికి తెలియకుండా కాపాడారు. ఆవిడకి గనక తెలిసుంటే ఏమైపోయేదాన్నో!"

తనకి చెందని ఆ కృతజ్ఞతంతా ఉయెన్ గుండెలో బరువుగా కూర్చుంది.

అప్పుడే వియ్యాలవారి మర్యాదలు చూస్తూ ఫుంగ్ ఆ బల్ల దగ్గరికి వచ్చింది. "వదినగారూ, ఏం మంతనాలు?" అంది నవ్వుతూ. లాయ్ గబగబా కళ్లు తుడుచుకుని, ఏం లేదు వదినగారూ, డాక్టరమ్మ మోకాళ్లకి ఏదో మందు చెబుతున్నారంది.

ఉయెన్ లేచి నిలబడింది. బల్లమీది కెటిల్ తీసుకుని, శుభ్రమైన కప్పులోకి టీ వంచింది. అత్తగారికీ, గురువుకీ ఇచ్చినట్టు, తలవంచి, రెండు చేతులా పట్టుకుని ఫుంగ్‌కి అందించింది.

"అయ్యయ్యో డాక్టరమ్మా, మీరు లేచి పొయ్యడమేంటి!" అంది లాయ్ కంగారుగా. "పెద్దవాళ్లు మీరు. ఆవిడకి మీరెందుకు..."

ఫుంగ్ ఉయెన్ కళ్లలోకి ఒక్క క్షణం చూసింది. రెండు చేతులూ చాపి కప్పు అందుకుంది. చివరి చుక్క దాకా తాగి, ఖాళీ కప్పు బల్లమీద పెట్టి, "రండి వదినగారూ, ఫోటోకి పిలుస్తున్నారు" అని లాయ్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.